పిట్టలకు మేత ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి: పిల్లి, డేగ, పాము తిరిగే ఊళ్లలో ఎంపిక సలహా

పిట్టల మేత డబ్బాలు ఇప్పుడు రకరకాలుగా దొరుకుతున్నాయి. ఒడిశాలోని మా బరంపురం బజారులో ప్లాస్టిక్‌వి, ఆన్‌లైన్‌లో చెక్కవి, సంతలో మట్టివి. కొనేవాళ్లు చూసేది రేటు, అందం. పిట్ట ప్రాణం ఆ లెక్కలోకి రాదు. మేత పెట్టడమంటే వీధిలో పిట్టలన్నిటినీ రోజూ ఒకే వేళకు ఒకే చోటికి రప్పించడం. ఈ సంగతి మనం గమనించేలోపే పక్కింటి పిల్లి కనిపెట్టేస్తుంది. అందుకే ఏ డబ్బా కొనాలనే ప్రశ్న చివర్లో రావాలి. మీ పెరట్లో వేటాడేది ఎవరో ముందు తేల్చుకోవాలి.

తేల్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఈకలన్నీ ఒక్కచోట గుండ్రంగా రాలి ఉండి, పిట్ట మాత్రం కనబడకపోతే అది డేగ పని. డేగ పట్టిన చోటో దగ్గర్లోనో కూర్చుని ఈకలు పీకి గాని తినదు. ఈకలు నమిలినట్టు విరిగి, రెక్క ముక్కలు అక్కడక్కడా పడి ఉంటే పిల్లి. ఏమీ మిగలకుండా గూట్లో గుడ్లో పిల్లలో మాయమైతే పామునో, కాకినో, జెముడుకాకినో అనుమానించాలి. తెల్లారేసరికి డబ్బా మూలలు కొరికి ఉంటే ఎలుక. ఎలుక పెద్ద పిట్టనేమీ చేయకపోవచ్చు. కానీ ఎలుక వెనకే పాము వస్తుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంటిని బట్టి శత్రువు కూడా మారుతుంది. బరంపురం పాత వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని, సందులా పొడుగ్గా ఉంటాయి. అక్కడ పిల్లులకు పిట్టగోడలే రోడ్లు, ఒక ఇంటి మీంచి వీధి చివరిదాకా నేల తాకకుండా పోగలవు. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు పెరడున్న పెంకుటిళ్లలో ముంగిస, జెర్రిపోతు, ఎలుక, పిల్లి అన్నీ ఉంటాయి. రాయగడ, కోరాపుట్, జయపురం కొండల దగ్గర కోతులు తోడవుతాయి. కోతుల విషయంలో పోల్చి చెప్పడానికేమీ లేదు. అవి వచ్చే వేళకు డబ్బా లోపల పెట్టేసుకోవడమొకటే మార్గం.

వరి కుచ్చా, సీసానా, పళ్లెమా, పెట్టెనా

నా ఓటు వరి కుచ్చుకే. కోతలయ్యాక కంకుల్ని జడలా అల్లి చూరుకు కట్టడం మనవాళ్లకు కొత్త కాదు. ఇక్కడి ఒడియా ఇళ్లలో మార్గశిర మాసం లక్ష్మివారాల్లో, అంటే గురువారాల్లో, మాణబసా పూజకు కొత్త ధాన్యపు కంకుల్ని అల్లి పెడతారు, తెలుగిళ్లలోనూ అదే నెలలో లక్ష్మివారం నోములు నడుస్తాయి. కాబట్టి ఆ రోజుల్లో మంచి కంకులు అడగకుండానే దొరుకుతాయి. సెంటిమెంటు పక్కన పెట్టి చూసినా కుచ్చుకు మూడు లాభాలున్నాయి. పిట్ట కంకిని పట్టుకుని వేలాడుతూ తింటుంది కాబట్టి నేల మీద వాలే పని తగ్గుతుంది. గింజను ఒక్కొక్కటిగా లాగాలి కాబట్టి గుంపంతా ఒకేసారి మీద పడదు. పిల్లి ఎగిరి అందుకోవడానికి దానికి గట్టి అంచు ఉండదు. పిచ్చుకలు, జినువాయిలు దీనికి బాగా అలవాటు పడతాయి. గువ్వలు, గోరింకలు మాత్రం కుచ్చు దగ్గర తడబడతాయి, కింద రాలినవి ఏరుకోవడానికి నేలకే దిగుతాయి. ఇక వానాకాలంలో తడిసిన కుచ్చుకు బూజు పడుతుంది. బూజు గింజ పెట్టడం కంటే ఖాళీగా ఉంచడం మేలు, జూన్ వచ్చేసరికి తీసేయండి.

సీసాకు గరిటెలు గుచ్చి వేలాడదీసేది పిల్లల స్కూలు ప్రాజెక్టుల పుణ్యమా అని ఇంటింటికీ వచ్చింది. చవక, చేయడం తేలిక. పిట్ట గరిటె మీద కూర్చుని సీసా వైపు తల తిప్పి తింటుంది, వెనక ఏముందో దానికి సగమే కనబడుతుంది. పైగా గరిటె చివరనుంచి గింజలు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి, కింద ఒక చిన్న పొలం మొలుస్తుంది. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. తప్పదనుకుంటే రంధ్రాలు చిన్నవి చేయండి, సీసా కింద తాడుతో ఒక పాత పళ్లెం కట్టండి, కారిన గింజ అందులో ఆగుతుంది.

పళ్లెంలో గింజలు పోసి గోడ మీద పెట్టడం అన్నిటికంటే ఎక్కువమంది చేసే పని. అన్ని రకాల పిట్టలూ వస్తాయి, చూడ్డానికి సందడిగా ఉంటుంది. వేటగాడికీ అదే సందడి. గువ్వ తలదించి ఏరుకుంటున్నప్పుడు దాని చుట్టూ అడ్డం లేని మైదానం ఉండాలి, గోడ పక్కన పళ్లెంలో అది దొరకదు. పళ్లెమే పెట్టాలనుకుంటే గోడ మీద వద్దు, గొట్టం మీద పెట్టండి. గొట్టం సంగతి కింద చెబుతాను. అడుగున చిన్న రంధ్రాలుండాలి, వాన నీళ్లు నిలవకూడదు.

కిలో గింజలు పట్టే చెక్క పెట్టె, అంటే కింద సందులోంచి గింజ దానంతటదే జారేది, నాకు బొత్తిగా నచ్చదు. ఊరెళ్లినా వారం దాకా సరిపోతుందని దాన్ని అమ్ముతారు. వారం దాకా గింజ ఉండడమే దానిలోని లోపం. పగలంతా పిట్టలు తింటే, రాత్రంతా ఎలుకలు, పందికొక్కులు తింటాయి. పిట్టలకు మనం పెట్టేది అదనపు తిండి మాత్రమే. మనం నాలుగు రోజులు ఊళ్లో లేకపోతే అవి ఆకలితో చావవు.

వీటన్నిటికీ మించి ఇంకోటుంది: గింజల గిన్నె చుట్టూ ఇనప జాలీ బోను. జాలీ కన్ను ఒకటిన్నర అంగుళం ఉంటే పిచ్చుక, జినువాయి లాంటి చిన్నవి సులువుగా దూరతాయి, గోరింక, కాకి, గువ్వ దూరలేవు. గిన్నెకూ జాలీకీ మధ్య అయిదారు అంగుళాల ఖాళీ ఉండాలి, లేకపోతే పిల్లి పంజా లోపలికి పెట్టి లాగేస్తుంది. డేగ కూడా జాలీకి తగిలి వెనక్కి పోతుంది. గేట్లు, కిటికీ ఊచలు వెల్డింగు చేసే షాపులో చెబితే చేసిస్తారు. చివర్లు బయటికి పొడుచుకు రాకుండా చూడండి. మీ ఇంట్లో పిచ్చుకలే ముఖ్యమైతే, పిల్లి బెడద కూడా గట్టిగా ఉంటే, ఖర్చు పెట్టాల్సింది దీని మీదే. పాముకు మాత్రం ఇది అడ్డు కాదు.

చోటు: పిల్లికి మైదానం, డేగకు నీడ

పిట్టల భద్రతలో సగం పైగా చోటుతోనే తేలిపోతుంది. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పిల్లి నేల మీద పొద చాటున పొంచి కూర్చుని ఒక్క ఉదుటున దూకుతుంది. దాన్ని తప్పించుకోవాలంటే మేత చుట్టూ ఖాళీ ఉండాలి. డేగ అలా కాదు. మన ఊళ్లలో తిరిగే చిన్న డేగ, పావురమంత ఉండేది, షిక్రా అంటారు. అది చెట్టు గుబురులో కదలకుండా కూర్చుని చూస్తుంది, తర్వాత ఇళ్ల సందుల్లోంచి నేల మీదికి వంగినట్టు దూసుకొస్తుంది. దాన్ని తప్పించుకోవాలంటే పిట్టకు రెండు క్షణాల్లో దూరే పొద దగ్గర్లో ఉండాలి. పిల్లి కోసం పొదలన్నీ కొట్టేస్తే డేగకు పండగ. డేగ భయంతో మేతను పొదలోనే పెడితే పిల్లికి పండగ.

మధ్యేమార్గం ఉంది. మేతకూ దగ్గరి పొదకూ మధ్య ఎనిమిది నుంచి పది అడుగుల దూరం ఉంచండి. పిట్ట ఒక్క ఎగురుతో చేరుతుంది, పిల్లి మాత్రం ఆ దూరం పరుగెత్తి రావాలి, అంతలో ఎవరో ఒకరు చూసి కూస్తారు. పొద ఏదనేది కూడా ముఖ్యమే. నిమ్మ చెట్టు, కాగితం పూల తీగ లాంటి ముళ్లున్నవి మేలు. కింద రెండడుగుల దాకా కొమ్మలు కోసేయండి. పైన గుబురుగా ఉండాలి, అడుగున వెలుతురు కనబడాలి. అప్పుడు పిట్ట పైన దాక్కుంటుంది, పిల్లి కింద దాక్కోలేదు. ఇంతకంటే చవకైన రక్షణ నాకు తెలియదు, ఒక కత్తిరి ఉంటే చాలు.

ఇక మేత వేలాడదీసే చోట్లను పోల్చుకుందాం.

వసారా చూరు నాకు మొదటి ఎంపిక. పైన కప్పు ఉంటుంది కాబట్టి డేగ నిట్టనిలువుగా దిగలేదు, ఎప్పుడూ మనుషుల అలికిడి ఉంటుంది, పిచ్చుకకు మన అలికిడంటే భయం లేదు. వాసానికి సన్నని బైండింగ్ వైరు కట్టి, మేత నేలకు ఏడడుగుల ఎత్తులో ఉండేలా వేలాడదీయండి. పిల్లి నిలువుగా అయిదారు అడుగులు ఎగరగలదు. కానీ అది నేల మీదినుంచే ఎగురుతుందని ఎందుకనుకోవాలి? అరుగు, కుర్చీ, స్టాండు వేసిన బండి, మడిచిపెట్టిన నులక మంచం, ఇవన్నీ దానికి మెట్లే. చుట్టూ అయిదారు అడుగుల్లో అలాంటివి లేకుండా చూసుకోవాలి. మధ్యాహ్నం బండి అక్కడే పార్కు చేసే అలవాటుంటే కుచ్చుకు వేరే చోటు చూడండి. పెంకుటింట్లో వాసాల మీదుగా ఎలుకలు దిగుతాయి. వైరు మధ్యలో పాత స్టీలు పళ్లానికి రంధ్రం చేసి, బోర్లించి దూర్చండి, ఎలుక దాని మీద జారుతుంది.

చెట్టు కొమ్మ అందరికీ ముందు తోచే చోటు, అన్నిటికంటే చెడ్డ చోటు కూడా అదే. పిల్లి ఎక్కుతుంది, పాము ఎక్కుతుంది, డేగ పై కొమ్మలో కూర్చుని ఎదురుచూస్తుంది. మామిడి కొమ్మకు మట్టి గిన్నె వేలాడదీసిన ఫోటోలు ఎంత బాగున్నా, ఆ పని చేయొద్దనే చెబుతాను.

డాబా మీద పిట్టగోడ పక్కన పెట్టడం బరంపురం లాంటి చోట తప్పని పరిస్థితి. పిల్లులు పిట్టగోడల మీదే తిరుగుతాయి కాబట్టి గోడకు కనీసం ఆరడుగులు లోపలికి, డాబా మధ్యకు జరపండి. అప్పుడు ఆకాశం పూర్తిగా తెరుచుకుంటుంది, డేగ బెడద మొదలవుతుంది. నాలుగు కుండీల్లో నిమ్మ, కాగితం పూలు పెంచి పది అడుగుల దూరంలో ఉంచితే కొంత నయం. డాబా మీద ఏ నీడా లేకపోతే మేత వదిలేసి నీళ్లు మాత్రం పెట్టండి, పావురాల బెడదా తగ్గుతుంది.

అద్దాల కిటికీలున్న కొత్త ఫ్లాట్లలో ఇంకో చావు ఉంది. డేగను చూసి బెదిరిన గుంపు అద్దంలో కనబడే ఆకాశంలోకి ఎగురుతుంది. మేత అద్దానికి మూడడుగుల లోపలే ఉండాలి, పిట్ట వేగం అందుకోకముందే తగిలితే దెబ్బ చిన్నదవుతుంది. లేదా ముప్పై అడుగుల అవతల ఉండాలి. మధ్య దూరం ప్రమాదం. అద్దం బయటి వైపు రెండంగుళాలకొక చుక్క స్టిక్కరు అంటిస్తే ఇంకా మంచిది.

గొట్టం, దాని మీద గొడుగు

పెరట్లో ఖాళీ ఉన్నవాళ్లకు చూరు తర్వాత మంచిది గొట్టమే. అంగుళం ఇనప గొట్టాన్ని ఆరడుగులు పైకి ఉండేలా పాతి, పైన పళ్లెమో జాలీ బోనో బిగించాలి. చుట్టూ ఎనిమిది పది అడుగుల దాకా గోడ, కొమ్మ, బట్టల తాడు ఉండకూడదు. వట్టి గొట్టాన్ని పిల్లి పాకలేకపోయినా ఎలుక, ఉడుత పాకుతాయి. అందుకే మధ్యలో అడ్డు కావాలి.

అడ్డు రెండు రకాలు. ఒకటి గొడుగు: పదిహేను లీటర్ల నూనె డబ్బా రేకును విప్పి, గొట్టం చుట్టూ శంఖు ఆకారంలో బోర్లించి బిగించడం. అడుగున వెడల్పు పద్దెనిమిది అంగుళాలకు తగ్గకూడదు, అంచులు మడిచి కొట్టాలి, లేకపోతే మీ చెయ్యే తెగుతుంది. రెండోది తొడుగు: మురుగు నీటికి వాడే ఆరంగుళాల ప్లాస్టిక్ గొట్టం రెండడుగుల ముక్క, పై నోరు మూసి, నడుమ రంధ్రంలోంచి ఇనప గొట్టం పోయేలా వదులుగా వేలాడదీయడం. ఎక్కే జంతువు దాని లోపలికి పోయి దారి మూసుకుపోయి దిగిపోతుంది. బయటినుంచి ఎక్కబోతే అది ఊగుతుంది, నునుపుగా జారుతుంది. ఏదైనా సరే, నేలకు నాలుగడుగుల పైన ఉండాలి, కిందుంటే పిల్లి దాని పైకే దూకుతుంది. రెండింటిలో నేను తొడుగునే ఎంచుకుంటాను. రేకు గొడుగు గాలికి వంగుతుంది, మన తీరంలో అక్టోబరు గాలుల సంగతి చెప్పక్కర్లేదు. గొడుగుకు ఉన్న ఒకే సుగుణం, వీధి చివర రేకు పని చేసే వాళ్లు గంటలో చేసిస్తారు.

గొట్టానికి గ్రీజు పూయమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. అది పిట్ట ఈకలకు అంటితే మళ్లీ వదలదు, ఈకలు అంటుకున్న పిట్ట ఎగరలేదు. ఎలుకల కోసం అమ్మే జిగురు అట్టలు మేత దగ్గర అసలు పెట్టకూడదు, మొదట అంటుకునేది పిచ్చుకే. నైలాన్ వల చుట్టడం ఇంకా ఘోరం, పిట్ట కాళ్లు చిక్కుకుంటాయి, పాము చిక్కుకుని ఎండలో చస్తుంది. గింజల్లో కారం కలపడం గురించి అడుగుతుంటారు. కారం మంట పిట్టలకు తెలియదు, ఎలుకలకూ ఉడుతలకూ తెలుస్తుంది, కాబట్టి అది గింజ దొంగలకు కొంత పనిచేస్తుంది. పిల్లికి గింజతో పనేముంది? పిట్ట కోసం వచ్చినదానికి కారం ఏ అడ్డూ కాదు. గాలికి ఆ పొడి మన కళ్లలో పడడం అదనం.

పిల్లి మనదైతే, కాకపోతే

పెంపుడు పిల్లి ఉన్నవాళ్లు మెడలో గంట కట్టి నిశ్చింతగా ఉంటారు. ఇంగ్లాండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇళ్లలోని పిల్లుల మీద చేసిన పరిశోధన 2021లో అచ్చయింది. గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ అయిదు పది నిమిషాలు దానితో ఆడుకుంటే 25 శాతం తగ్గింది. రంగురంగుల గుడ్డ పట్టీ మెడకు కడితే పిట్టల వేట 42 శాతం తగ్గింది, పిట్టలకు రంగులు బాగా కనబడతాయి కాబట్టి. మన ఇళ్లలో పిల్లికి పెట్టేది పాలన్నమే. వారానికోసారి కాదు, రోజూ రెండు చేప తలకాయలు వేస్తే అది పెరటి వైపు చూడడం తగ్గుతుంది. తెల్లవారుజామున, సందెవేళ మాత్రం లోపల ఉంచండి. పిట్టలు మేతకు దిగేదీ, పిల్లి వేటకు లేచేదీ ఆ వేళల్లోనే.

వీధి పిల్లుల విషయంలో ఇవేవీ పనికిరావు. వాటికి మన పెరట్లో ఏమీ దొరకకుండా చేయడమే మనం చేయగలిగింది. చేపలు కడిగిన నీళ్లు, పొట్టలు మేత ఉన్న వైపు పారబోయకండి. విషం మాట ఎవరైనా ఎత్తితే అక్కడే ఆపండి. నేరం సంగతి అటుంచి, ఆ విషం తిన్న ఎలుకను డేగ తింటుంది, గుడ్లగూబ తింటుంది, మీ కుక్క తింటుంది.

పాము రాకూడదంటే కింద ఊడ్చాలి

మేత పెట్టేవాళ్లలో ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. పాముకు మీ గింజలతో పని లేదు. గింజ రాలుతుంది, రాత్రి ఎలుక వస్తుంది, ఎలుక వెంట జెర్రిపోతు వస్తుంది, ఒక్కోసారి నాగుపాము వస్తుంది. జెర్రిపోతుకు విషం లేదు, కానీ చెట్లెక్కుతుంది, గూళ్లలో పిల్లల్ని మింగుతుంది. నాగుపాము సంగతి పిట్టలకంటే ఇంట్లో పిల్లలున్నవాళ్లకు ఎక్కువ టెన్షన్. కాబట్టి ఏ డబ్బా ఎంచుకున్నా నియమం ఒక్కటే: పొద్దున్న పెట్టింది పొద్దుగూకేలోపు అయిపోవాలి, మిగిలితే తీసేయాలి, కింద ఊడ్చాలి. మేత కింద సిమెంటు గచ్చు ఉంటే ఊడ్చడం తేలిక, మట్టి నేలైతే ఒక పాత గోనెపట్టా పరిచి సాయంత్రం దులిపేయండి. కట్టెల మోపు, పాత పెంకుల కుప్ప మేతకు దూరంగా ఉండాలి.

గింజ ఎంపిక కూడా ఇక్కడే కలిసొస్తుంది. కలగలుపు ప్యాకెట్లు కొంటే పిట్టలు నచ్చినవి తిని మిగతావి తోసేస్తాయి, నేలంతా గింజే. ఒక్క రకమే వేస్తే రాలేది తగ్గుతుంది. చోళ్లు (రాగులు), సామలు, కొర్రలు ఈ జిల్లాల్లో ఏ సంతలోనైనా దొరుకుతాయి, 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక ఇంకా సులువైంది. పిచ్చుకలకు నూకలు కూడా చాలు. ఉప్పు కలిసిన అన్నం, మిక్చరు, బిస్కెట్టు ముక్కలు వద్దు. గుప్పెడు వేయండి, అరగంటలో అయిపోతే ఇంకో గుప్పెడు.

పాము కనబడితే కొట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జెర్రిపోతుకు, నాగుపాముకు, ముంగిసకు, డేగకు అన్నిటికీ వర్తిస్తుంది. అటవీ శాఖ వాళ్లకో, ఊళ్లో పాములు పట్టేవాళ్లకో ఫోను చేయండి.

నీళ్లు, గూడు

ఏప్రిల్, మే నెలల్లో గింజకంటే నీళ్లే ముఖ్యం. తడిసిన పిట్ట వేగంగా ఎగరలేదు, కాబట్టి నీళ్ల గిన్నెకు కావలసిన జాగ్రత్త మేతకంటే ఒక మెట్టు ఎక్కువ. నేల మీద వద్దు, మూడడుగుల పైన గట్టు మీద, చుట్టూ ఖాళీగా. రెండంగుళాల లోతున్న మట్టి మూకుడు, మధ్యలో ఒక రాయి. రోజూ పారబోసి కడగండి, మలేరియా ఉన్న జిల్లాల్లో దోమలకు నిలవ నీరు పెట్టకూడదు.

పిచ్చుక గూళ్లు మార్చి 20న, ప్రపంచ పిచ్చుకల దినం నాడు, పంచిపెడుతుంటారు. వాటిలో చాలావాటికి రంధ్రం కింద ఒక పుల్ల బిగించి ఉంటుంది. పిచ్చుకకు ఆ పుల్ల అక్కర్లేదు, అది కాకికీ గోరింకకూ కూర్చునే పీట, విరిచేయండి. రంధ్రం 32 మిల్లీమీటర్లుంటే పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు. రంధ్రం నుంచి గూటి అడుగుభాగం దాకా లోతు అయిదంగుళాలకు తగ్గితే కాకి ముక్కు, పిల్లి పంజా పిల్లల్ని అందుకుంటాయి. గూటినీ మేతనూ పక్కపక్కన పెట్టకండి, మేతకొచ్చే ప్రతివాడికీ గూడు చూపించినట్టవుతుంది.

కాకుల్ని తరమాలా వద్దా అంటే, గూళ్లున్న నెలల్లో తరమండి, మిగతా రోజుల్లో ఉండనివ్వండి. డేగను ముందుగా చూసి అరిచేది అవే. తోక చీలిన నల్ల ఏట్రింత మీ కరెంటు తీగ మీద కాపురముంటే అదృష్టమే, కాకినైనా డేగనైనా తరిమికొడుతుంది, అందుకే గువ్వలు, పిగిలిపిట్టలు దాని చెట్టు మీదే గూళ్లు కడతాయి.

రెండు కాళ్ల వేటగాళ్లనూ లెక్కలో వేసుకోవాలి. క్యాట్‌బాల్ పట్టుకుని తిరిగే కుర్రాళ్లు, జినువాయిల్ని, రామచిలుకల్ని వలేసి పట్టి అమ్మేవాళ్లు మేత ఉన్న వీధినే ఎంచుకుంటారు. వీధి వైపు కనబడేలా పెట్టడంకంటే పెరటి వైపు పెట్టడమే మేలు. కుర్రాళ్లనైతే పిలిచి రోజూ గింజలేసే పని వాళ్లకే అప్పగించి చూడండి.

ఎవరికి ఏది

పెంకుటిల్లు, వసారా ఉన్నవాళ్లు: నవంబరు నుంచి మే దాకా చూరుకు వరి కుచ్చు, ఇంకేమీ కొనక్కర్లేదు. వానాకాలంలో అదే వైరుకు చిన్న జాలీ బోను. పెరడుండి పిల్లులు ఎక్కువైతే తొడుగున్న గొట్టం, దాని మీద పళ్లెం, పది అడుగుల్లో ఒక నిమ్మ చెట్టు. వరుస ఇళ్లలో డాబా మాత్రమే ఉన్నవాళ్లు జాలీ బోనే కొనాలి, అది కుదరకపోతే నీళ్లతో సరిపెట్టుకోవాలి. ఇంట్లో పాకే పిల్లలుండి, చుట్టూ పొలాలుంటే నేను మేత పెట్టమనను. పెరట్లో పురుగు మందు కొట్టడం మానేసి, నాలుగు పూల మొక్కలు వేయండి. పిచ్చుక తన పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేది పురుగులే, తేనెపిట్టలకు గింజతో పనే లేదు.

ఇవన్నీ చేశాక కూడా డేగ రోజూ వచ్చి కూర్చుంటుంది, ఒక్కోసారి. రాళ్లు విసరకండి, అది బల్లుల్ని, తొండల్ని, ఉడుతల్ని కూడా తిని బతుకుతుంది, దాన్ని ఇక్కడ కట్టిపడేస్తున్నది ఈ పిట్టల గుంపొక్కటే. వారం పది రోజులు మేత, కుచ్చు అన్నీ తీసేయండి. పిట్టలు చెదిరిపోతాయి, డేగ వేరే వీధి చూసుకుంటుంది. మళ్లీ పెట్టేటప్పుడు చోటు ఓ పది అడుగులు మార్చండి, వేళ కూడా మార్చండి.

తుపానులు కూడా ఈ లెక్కలను తారుమారు చేస్తాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు బరంపురంలో పెద్ద చెట్లు కూలిపోయాయి. 2018 అక్టోబరు 11న తితిలీ పలాస దగ్గర దాటి ఉద్దానం తోటల్ని పడగొట్టింది, గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. అలాంటి గాలి తర్వాత పిట్టలకు దాక్కునే గుబురు ఉండదు, ఆకలి మాత్రం రెట్టింపవుతుంది, డేగకు కనబడకుండా దాచేదేమీ మిగలదు. హెచ్చరిక రాగానే వేలాడేవన్నీ దింపి లోపల పెట్టండి, గాలికి ఎగిరే రేకు మనుషులకే ప్రమాదం. గాలి ఆగాక, విరిగిన కొమ్మల్ని మున్సిపాలిటీ బండి ఎక్కించే ముందు నాలుగు మోపులు ఉంచుకోండి. మేతకు పది అడుగుల దూరంలో, నేలకు రెండడుగులు పైన ఇటుకల మీద వాటిని అడ్డదిడ్డంగా పేర్చండి. కొత్త మొక్క ఎదిగేదాకా అదే పొద.